వచ్చే ఏడు మన జట్టులో ఎవరుంటారు?

1965 నవంబర్ 27న లాస్ ఏంజిలిస్‌లో, యూసీఎల్‌ఏ యూనివర్సిటీ కొత్తగా కట్టిన పాలీ పెవిలియన్‌లో ఒక బాస్కెట్‌బాల్ ఆట జరిగింది. ఒకవైపు వరసగా రెండేళ్ళు జాతీయ టైటిల్ కొట్టిన ఆ యూనివర్సిటీ అసలు జట్టు. ఇంకోవైపు అదే క్యాంపస్‌లో అప్పుడే చేరిన మొదటి సంవత్సరం కుర్రాళ్ళు. కుర్రాళ్ళు 75-60తో గెలిచారు. ఏడడుగులు దాటిన లూ ఆల్సిండర్ ఒక్కడే 31 పాయింట్లు కొట్టాడు. కరీం అబ్దుల్ జబ్బార్ అంటే లోకానికి తెలిసిన మనిషి అతనే.

ఆ రోజుల్లో మొదటి సంవత్సరం వాళ్ళు అసలు జట్టులో ఆడకూడదు. అందుకని ఆ ఏటి టైటిల్ యూసీఎల్‌ఏకి రాలేదు. అయితేనేం, ఆ ఆట చూసిన అభిమానికి తర్వాతి మూడేళ్ళ జాతకం తెలిసిపోయింది. 1967, 1968, 1969 టైటిళ్ళు మూడూ యూసీఎల్‌ఏవే. ఆల్సిండర్ ఆడిన మూడు సీజన్లలో ఆ జట్టు 88 ఆటలు గెలిచి రెండే ఓడింది.

అంత ధీమా ఎలా వచ్చింది? ఆల్సిండర్ గొప్పవాడు కావడం ఒక్కటే కారణం కాదు. అతను ఎక్కడికీ పోలేడు. హైస్కూల్ అయ్యాక నాలుగేళ్ళు గడిస్తే గానీ జీతమిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అప్పట్లో ఎవరినీ తీసుకునేది కాదు. ఇంకో కాలేజీకి మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అభిమానులు ఏటా చేసే పెద్ద చర్చ ‘వచ్చే ఏడు మన జట్టు ఎలా ఉండబోతోంది’ అన్నదే. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో విసిరే కోలబంతి ఆట.) కుర్రాళ్ళు కట్టుబడి ఉన్నంత కాలం ఆ ప్రశ్నకు జవాబుండేది. ఎవరు సీనియర్ అవుతున్నారు, ఎవరు వెళ్ళిపోతున్నారు, వాళ్ళ స్థానంలోకి ఎవరొస్తున్నారు అని వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. ఇప్పుడు ఆ లెక్క కుదరడం లేదు. అభిమానులు సరదాగా వేసుకునే ఆ లెక్క వెనక కుర్రాళ్ళ కాళ్ళకు కట్టిన తాడు ఉండేదని, అది తెగాక గానీ చాలామందికి తట్టలేదు.

ఆ తాడు కాలేజీ ఆటలకు నియమాలు పెట్టే సంస్థ ఎన్‌సీఏఏ పేనింది. 1905లో ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్ళు దెబ్బలు తగిలి చచ్చిపోతుంటే, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద యూనివర్సిటీల వాళ్ళను వైట్‌హౌస్‌కి పిలిపించాడు. ఆ ఒత్తిడిలోంచి మరుసటి ఏడు పుట్టిన సంస్థే తర్వాత ఎన్‌సీఏఏ అయింది. పుట్టింది ప్రాణాలు కాపాడటానికి. బతికింది మాత్రం ‘ఆటగాడికి డబ్బివ్వకూడదు’ అన్న ఒక్క సూత్రం మీద. ఆ సూత్రాన్ని మొదటి నుంచీ ఎవరూ సరిగ్గా పాటించలేదు. చాటుమాటు చెల్లింపులు ఎంతగా పాతుకుపోయాయో 1929లోనే కార్నెగీ ఫౌండేషన్ నివేదిక బయటపెట్టింది. చివరికి 1956లో, ఆడేవాడికి ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు ఇవ్వొచ్చని ఒప్పుకున్నారు. జీతం మాత్రం ఇవ్వకూడదు.

అదే కాలంలో ‘స్టూడెంట్-అథ్లెట్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. వినడానికి ముద్దుగా ఉంటుంది గానీ దాని వెనక ఒక చావు ఉంది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పని చేస్తూ చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని అతని భార్య అడిగింది. అతను ఉద్యోగి కాడని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి దావాలను తప్పించుకోవడానికే ఆ మాటను తయారుచేసి అన్నిచోట్లా రుద్దామని, దశాబ్దాల పాటు ఎన్‌సీఏఏని నడిపిన వాల్టర్ బయర్స్ పదవి దిగాక తానే రాశాడు.

1973లో ఇంకో ముడి పడింది. అంతకుముందు నాలుగేళ్ళకు కలిపి ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్‌ని ఏడాదికోసారి తిరగరాసేలా మార్చారు. మన పల్లెల్లో ఉగాదికి ఉగాదికి జీతగాడి ఒప్పందం తిరగరాసుకున్నట్టే. తేడా ఒక్కటే. ఉగాది దాటాక జీతగాడు ఇంకో ఆసామి దగ్గర కుదరొచ్చు. ఈ కుర్రాడికి ఆ వీలు లేదు. కోచ్ వద్దంటే స్కాలర్‌షిప్ పోతుంది, కుర్రాడు వద్దనుకుని వెళ్తే ఏడాది ఆట పోతుంది. కోచ్ మాత్రం డిసెంబర్‌లో ఒప్పందం చింపేసి, రెట్టింపు జీతానికి ఇంకో రాష్ట్రానికి మర్నాడే ఎగిరిపోవచ్చు. దీన్ని తప్పనుకున్న అభిమానులు ఆ రోజుల్లో ఎంతమంది ఉన్నారో గానీ, నాకైతే వాళ్ళ గొంతు పెద్దగా వినపడలేదు.

డబ్బు ఎలా పెరిగిందన్నది అందరికీ తెలిసిన కథే. టీవీ హక్కుల మీద ఎన్‌సీఏఏ పెత్తనాన్ని 1984లో సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది. ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరు జడ్జీల్లో ఒకడైన బైరన్ వైట్, కుర్రతనంలో కొలరాడో జట్టు ఫుట్‌బాల్ హీరో. ఆ తర్వాత ఒక్క బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ప్రసార హక్కులే, 2010 ఒప్పందంలో, 14 ఏళ్ళకు 1,080 కోట్ల డాలర్లు పలికాయి. ఆడేవాడికి మాత్రం అదే ఫీజు, అదే మెస్.

కట్టు తెగడం ఒక వీడియో గేమ్ దగ్గర మొదలైంది. 1995లో యూసీఎల్‌ఏకి టైటిల్ తెచ్చిన ఎడ్ ఒబానన్, ఆట మానేసిన చాలా ఏళ్ళకు ఒక స్నేహితుడి ఇంట్లో తనను తాను తెర మీద చూసుకున్నాడు. అదే ఒడ్డూపొడుగూ, అదే నంబరు, అదే ఎడమచేతి వాటం. పేరు ఒక్కటి లేదు, డబ్బు అసలే లేదు. 2009లో కోర్టుకెక్కాడు. ఆ కేసు కాలిఫోర్నియాలో జడ్జి క్లాడియా విల్కెన్ ముందుకొచ్చింది. 2014లో ఆమె ఒబానన్ వైపు తీర్పిచ్చారు. తర్వాత, ఆటగాళ్ళకు చదువు పేరిట ఇచ్చే సాయం మీద ఎన్‌సీఏఏ పరిమితులను సవాలు చేస్తూ వచ్చిన ఆల్‌స్టన్ కేసులో కింది కోర్టు తీర్పు కూడా ఆమెదే. దాన్ని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో సమర్థించింది. ‘ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదు’ అని జస్టిస్ కవనా విడిగా రాశారు. పది రోజులు తిరక్కుండానే, జూలై 1 నుంచి, తన పేరూ బొమ్మా వాడుకున్నందుకు ఆటగాడు డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ దారిచ్చింది. దానికే ఎన్‌ఐఎల్ అని పేరు.

ఈ ఎన్‌ఐఎల్ అందరికీ ఒకేలా అందలేదు. పర్డ్యూ యూనివర్సిటీకి ఆడిన కెనడా కుర్రాడు జాక్ ఈడీ 2023, 2024ల్లో వరసగా దేశంలోకెల్లా మేటి ఆటగాడు అనిపించుకున్నాడు. అయినా స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు కాబట్టి, తోటివాళ్ళలా ప్రకటనల్లో నటించి డబ్బు తీసుకునే వీలు లేకపోయింది. ఎఫ్-1 మీద ఉండి పని చేసుకోవాలంటే ఎంత భయమో మన తెలుగు పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇక మనవాళ్ళు ఎక్కువగా చేరే యూటీ ఆర్లింగ్టన్‌లో ఈ ఫుట్‌బాల్ గొడవే లేదు. 1985 సీజన్‌తోనే వాళ్ళు ఆ జట్టును ఎత్తేశారు.

డబ్బు ఒకవైపు, తలుపు ఇంకోవైపు. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్లు ఎక్కించే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. అంతకుముందు వెళ్ళిపోవాలంటే కోచ్ గదికి వెళ్ళి అనుమతి అడగాలి. పోర్టల్ వచ్చాక ‘వెళ్ళాలనుకుంటున్నా’ అని చెబితే చాలు, రెండు పనిదినాల్లో పేరు అందులోకి ఎక్కించాల్సిందే. 2021లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్తే, 2024కల్లా ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. రెండు సంగతులూ విడివిడిగా వచ్చి ఉంటే ఇంత అల్లకల్లోలం అయ్యేది కాదేమో. ధరా తలుపూ ఒకే ఏడు తెరుచుకున్నాయి.

దాని ఫలితం ఎలా ఉంటుందో కెంటకీలో చూడాలి. బాస్కెట్‌బాల్ అక్కడ మతం. 2024 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళుగా ఉన్న కోచ్ జాన్ కాలిపరి ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు. 1996లో టైటిల్ గెలిచిన కెంటకీ జట్టు కెప్టెన్ మార్క్ పోప్‌ను కొత్త కోచ్‌గా తెచ్చారు. అతన్ని పరిచయం చేసే సభకు కెంటకీ జట్టు ఆడే రప్ అరీనా కిటకిటలాడింది. జనం ఏడ్చారు, నవ్వారు, పాత విజయాలు తలచుకున్నారు. వచ్చే సీజన్ మీద అంచనాలు మొదలెట్టేశారు. తీరా జట్టేది? కాలిపరి కాలం నాటి స్కాలర్‌షిప్ ఆటగాళ్ళలో ఆ సీజన్‌కి ఒక్కడూ మిగల్లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చిత్రమేమిటంటే ఆ సోమలింగం బాగానే పెరిగాడు. పోర్టల్‌లోంచి ఏరుకొచ్చిన జట్టు 2025 టోర్నమెంట్‌లో చివరి 16 దాకా వెళ్ళింది. అదే టోర్నమెంట్‌ను గెలిచిన ఫ్లోరిడాకి మూలస్తంభమైన వాల్టర్ క్లేటన్, అయోనా అనే చిన్న కాలేజీలో మొదలైనవాడు.

ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద వింత ఇండియానాలో జరిగింది. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఓటముల పద్దు ఎక్కువగా ఉన్న జట్లలో ఇండియానా ఒకటి. 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వస్తూ వస్తూ జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన పాత శిష్యుల్ని వెంటబెట్టుకొచ్చాడు. 2024లో 11 గెలుపులు. మరుసటి ఏడు కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా వచ్చాడు, దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2026 జనవరిలో ఇండియానా ఒక్క ఆటా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయింది. పాత లెక్క నడిచే రోజుల్లో ఇండియానా అభిమాని ఈ మాట అని ఉంటే ఇంట్లోవాళ్ళు డాక్టరుకి చూపించేవారు.

అందుకే ‘అంతా నాశనమైంది’ అని పాత అభిమానులు పెట్టే శోకం నేను పూర్తిగా నమ్మను. పెద్ద జట్లు బెంచీ మీద దాచుకున్న కుర్రాళ్ళు బయటికొచ్చారు, చిన్న జట్లకు ఆశ పుట్టింది. నష్టపోయిందీ చిన్న జట్లే. అయోనాలాంటివి రెండేళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు కాయలు ఇంకొకరి బుట్టలో పడుతున్నాయి.

2025 జూన్ 6న ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన హౌస్ కేసు రాజీకి అదే జడ్జి విల్కెన్ ఆమోదం తెలిపారు. పాత ఆటగాళ్ళకు పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్లు కట్టాలి. ఇకనుంచి యూనివర్సిటీయే నేరుగా ఆటగాళ్ళకు చెల్లించొచ్చు. మొదటి ఏడాదికి అన్ని ఆటలకూ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. స్కాలర్‌షిప్‌ల మీద ఉన్న పాత పరిమితి (ఫుట్‌బాల్‌కి 85, పురుషుల బాస్కెట్‌బాల్‌కి 13) పోయి, జట్టులో తలకాయల మీద పరిమితి వచ్చింది: 105, 15.

105 అంటే పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఫీజు కట్టుకుని జట్టులో ఉండే వాక్-ఆన్ కుర్రాళ్ళను కలుపుకుంటే పెద్ద ఫుట్‌బాల్ జట్లలో అంతకంటే ఎక్కువ మందే ఉండేవారు. ప్రాక్టీసులో రోజూ దెబ్బలు తిని, ఆట రోజు పక్కన నిలబడే వాళ్ళను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టడం మొదలైంది. జడ్జి ఆ ఒక్క విషయం మీదే రాజీని వెనక్కి పంపి, అలా పోయినవాళ్ళు పరిమితి లెక్కలోకి రాకుండా తిరిగి చేరే వీలు కల్పించాకే సంతకం పెట్టారు.

ఎవరు ఎన్నేళ్ళు ఆడొచ్చన్నది కూడా ఇప్పుడు కోర్టు మెట్లెక్కింది. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా 2024 అక్టోబర్‌లో నంబర్ వన్ అలబామాను 40-35తో ఓడిస్తే, అభిమానులు గోల్‌పోస్టు పీకి నాష్‌విల్ వీధుల్లో మోసుకెళ్ళి కంబర్లాండ్ నదిలో పడేశారు. అతను రెండేళ్ళు జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాదు, హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ళ కాలేజీ) ఆడినవాడు. ఆ ఏళ్ళను లెక్కలోంచి తీసేయాలని దావా వేసి, డిసెంబర్‌లో ఇంకో సీజన్ సంపాదించుకున్నాడు.

ఇక ఒక జట్టు జాబితా ముందు పెట్టుకుని చూడండి. నంబరు, పేరు, ఎత్తు, బరువు, ఏ సంవత్సరం, సొంతూరు. ఒకప్పుడు అభిమాని కన్ను ‘ఏ సంవత్సరం’ అన్న గడి మీదే ఉండేది. ఇప్పుడు సొంతూరి పక్కన చేరిన ‘అంతకుముందు ఏ కాలేజీ’ అన్న గడి మీదికి పోతోంది. కొందరికి అందులో రెండు పేర్లు, కొందరికి మూడు. ఎవరికి ఎంత ఇస్తున్నారన్న గడి మాత్రం లేదు. ఐపీఎల్ వేలంలోలా ధర పైకి చెప్పరు. చర్చంతా చెవిన పడ్డ అంకెల మీదే నడుస్తోంది.

ఫుట్‌బాల్ పోర్టల్ ఈసారి 2026 జనవరి 2న తెరిచి 16న మూశారు. ఇండియానా, మయామీ ఫైనల్ 19న. ఆ రెండు జట్ల కుర్రాళ్ళ కోసం విడిగా ఇంకో ఐదు రోజులు ఇచ్చారు. అవి 20న, అంటే ట్రోఫీ ఎత్తిన మర్నాడే మొదలయ్యాయి.