ఫిరంగిని కదలకుండా నిలిపిన నూనె

తుపాకి పేలిస్తే భుజాన్ని ఎందుకు తన్నుతుంది? బడిలో దీనికి న్యూటన్ మూడో సూత్రం చెప్పి, తుపాకి వెనక్కొచ్చే వేగం లెక్క కట్టించి, పాఠం ముగించేస్తారు. అసలు సంగతి మొదలయ్యేది అక్కడే. వెనక్కొస్తున్న ఆ బరువును ఆపడం ఎలా? ఫిరంగి విషయంలో ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి ఐదు వందల ఏళ్లకు పైగా పట్టింది. దొరికిన పదిహేడేళ్లకే యుద్ధం రూపురేఖలు మారిపోయాయి.

పాత ఫిరంగుల్లో గొట్టాన్ని నేరుగా బండికే బిగించేవారు. గుండు ముందుకు పోతే బండి మొత్తం వెనక్కి దొర్లేది. సిబ్బంది పక్కకు తప్పుకుని, బండిని మళ్లీ ముందుకు తోసి, బండి వెనక నేలకానే తోకను సర్ది, గురి చూసి, అప్పుడు రెండో గుండు. ఎంత చురుకైన దళమైనా నిమిషానికి రెండు మూడు గుండ్లు దాటించడం కష్టం. 1884లో పాల్ వియెయ్ పొగరాని మందుగుండు తయారుచేశాక ఈ చిక్కు తీరలేదు సరికదా, గుండు వేగంతో పాటు తన్ను కూడా పెరిగింది.

1897లో ఫ్రెంచి సైన్యం తీసుకున్న 75 మిల్లీమీటర్ల ఫిరంగి దీన్ని పరిష్కరించింది. ఒకసారి లెక్క వేసి చూద్దాం. గుండు బరువు 7.2 కిలోలు, గొట్టం వదిలే వేగం సెకనుకు సుమారు 530 మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 3,800 పైచిలుకు. గొట్టం బరువు రమారమి 460 కిలోలు కాబట్టి అది సెకనుకు 8.3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. మందుగుండు వాయువుల వాటా కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువే. గుండు గొట్టంలో ఉండేది సెకనులో నూరో వంతు. గొట్టం బండికి బిగించి ఉంటే ఆ కాస్త సమయంలోనే దెబ్బంతా బండి మీద పడుతుంది. అది దాదాపు 39 టన్నుల బరువుకు సమానం. అదే గొట్టాన్ని బండి మీద 1.2 మీటర్లు వెనక్కి జారనిచ్చి మెల్లగా ఆపితే 0.29 సెకను పడుతుంది, బలం 1.35 టన్నులకు దిగిపోతుంది. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడంలో ఉన్న సూత్రమే ఇది. యుద్ధానికి సిద్ధంగా నిలబెట్టిన ఫిరంగి మొత్తం బరువు సుమారు 1,140 కిలోలు. తోక చివరి పార నేలలో దిగబడి ఉంటే 1.35 టన్నుల తోపుకు చక్రాలు లేవవు. 39 టన్నులకు ఏ పారా ఆగదు.

మెల్లగా ఆపడం ఎలాగన్నదే నాకు ఎంత చెప్పినా తనివి తీరని భాగం. గొట్టం కింద నూనె నింపిన సిలిండర్, అందులో పిస్టన్. గొట్టం వెనక్కి వస్తుంటే నూనె ఇరుకు సందులోంచి దూరాలి. ఆ అడ్డగింపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సందు ఒకే వెడల్పు ఉంటే మొదట్లో పెద్ద కుదుపు, చివర్లో పట్టే ఉండదు. బలం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలంటే వేగం తగ్గిన మేరకు సందూ ఇరుకవ్వాలి. మిగిలిన దూరం వర్గమూలాన్ని బట్టి వేగం తగ్గుతుంది. సగం దూరం జరిగాక కూడా 71 శాతం వేగం ఉంటుంది, మూడు వంతుల దూరం జరిగాక కూడా సగం. అంటే సందు మూసుకోవడంలో సగం చివరి ముప్ఫై సెంటీమీటర్లలోనే జరగాలి. యంత్రకారుడికి పరీక్ష అక్కడే. నూనె అవతలి వైపు బంధించిన గాలిని నొక్కుతుంది, ఆ గాలి వ్యాకోచించి గొట్టాన్ని తిరిగి ముందుకు తోస్తుంది.

ఒక్కో పేల్పుకు దాదాపు 16 కిలోజౌళ్ల శక్తి. అందులో ఎక్కువ భాగం నూనెలో వేడిగా మిగులుతుంది. నిమిషానికి 15 గుండ్లు వేస్తే అది నాలుగు కిలోవాట్ల హీటరు పెట్టినట్టే. వేడెక్కిన నూనె ఉబ్బితే గొట్టం పూర్తిగా ముందుకు రాదు. గాలి కారిపోయినా అంతే. నూనె కారిపోతే ప్రమాదం ఎక్కువ, గొట్టం హద్దు దాటి వెనక్కొచ్చి సిలిండర్‌నే విరగ్గొడుతుంది. అందుకే నూనె, గాలి కారకుండా ఆపే సీళ్ల తయారీని ఫ్రాన్స్ అంత రహస్యంగా కాపాడుకుంది.

జర్మనీలో క్రుప్ సంస్థ ఇంజనీరు కన్రాడ్ హౌస్నర్ ఇదే ఆలోచన ముందే చెబితే పట్టించుకోలేదు. 1896లో జర్మన్ సైన్యం తన్ను ఆపే ఏర్పాటు లేని 77 మిల్లీమీటర్ల ఫిరంగిని తీసుకుంది. ఏడాది తిరిగేసరికి అది పాతబడింది, తర్వాత వాటన్నిటినీ మళ్లీ విప్పి మార్చుకోవాల్సి వచ్చింది.

కదలని ఫిరంగితో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఒకటి వేగం. నాలుగు ఫిరంగుల దళం నిమిషానికి 60 గుండ్లు వేస్తుంది. గాల్లో పేలి గోళీలు చిమ్మే ఒక్కో ష్రాప్నెల్ గుండులో దాదాపు 290 సీసపు గోళీలు. బయట బారులు తీరి నడిచే సైన్యానికి ఇక బతుకు లేదు. 1914 శరదృతువులో సైనికులు కందకాలు తవ్వుకోవడానికి మెషిన్‌గన్‌తో పాటు ఇదీ పెద్ద కారణం.

రెండోది ఇంతకంటే లోతైనది. ఫిరంగి కదలకపోతే గురి చెడదు. అప్పుడు లక్ష్యం కనిపించాల్సిన అవసరమే లేదు. ఎక్కడో ఓ కర్ర పాతి, దాని నుంచి ఎన్ని డిగ్రీలు తిప్పాలో దూరాన ఉన్న పరిశీలకుడు టెలిఫోనులో చెబితే చాలు. ఫిరంగి కొండ వెనక దాక్కుంటుంది, పేల్చేవాడికి చచ్చేవాడు కనబడడు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలోనే ఇది బాగా అలవాటైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సగానికి పైగా గాయాలు, మరణాలు ఫిరంగుల వల్లే.

ఈ 75కు లోపాలూ ఉన్నాయి. దాని గుండు దాదాపు అడ్డంగా పోతుంది, కందకంలోకి పైనుంచి పడదు. గొట్టాన్ని 18 డిగ్రీలకు మించి పైకెత్తలేరు. అందుకు గుండును బాగా ఎత్తుకు కాల్చే హోవిట్జర్లనే ఫిరంగులు కావాల్సివచ్చాయి. యుద్ధం తొలి నెలల్లోనే గుండ్లు అయిపోతే, అనుభవం లేని కార్ఖానాల్లో హడావిడిగా తయారుచేయించారు. వాటిలో కొన్ని గొట్టంలోనే పేలిపోయి వందల ఫిరంగులు పోయాయి, పక్కనున్న సిబ్బందీ పోయారు.

ఇవాళ పరిశీలకుడి స్థానంలో డ్రోన్ వచ్చింది, గుండు 155 మిల్లీమీటర్లకు పెరిగింది, తన్ను ఆపేది మాత్రం ఇప్పటికీ నూనె, వాయువు. తిరగబడింది ఒక్కటే. గుండు వచ్చిన దారిని పట్టి, అది బయల్దేరిన చోటును రాడార్ నిమిషంలోపే తేల్చేస్తుంది కాబట్టి ఒకేచోట నిలవడమే ఇప్పుడు అపాయం. అందుకే ఫ్రాన్స్ వారి సీజర్ వంటి ఫిరంగులను లారీ మీద కట్టారు. ఆగి, వెనకనున్న పారను హైడ్రాలిక్స్‌తో నేలకు దింపి, నిమిషంలో ఆరు గుండ్లు వేసి, పార ఎత్తుకుని, బదులు గుండు పడేలోపు వెళ్లిపోతుంది.