అయోవాలో ఒక వలందపాలెం

చిరంజీవులు పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

పరీక్షలు అవగానే మిమ్మల్ని ఇక్కడికి, అమెరికాలో అయోవా రాష్ట్రానికి తీసుకొస్తానని నాన్న ఫోన్లో చెప్పాడు. అత్తయ్య అప్పుడే చికాగో, నయాగరా అంటూ లిస్టు రాస్తోంది. అవన్నీ చూద్దురుగాని. ముందు ఒక రోజు మాత్రం నాకివ్వండి. మిమ్మల్ని పెల్లా అనే చిన్న ఊరికి తీసుకెళ్తాను. అత్తయ్య ఉండే డిమాయిన్ నుంచి కారులో గంట లోపే. ఊరి జనాభా 10,000 పైచిలుకు, అంతే.

మన బందరులో వలందపాలెం ఉంది కదా. వలందులంటే హాలెండు వాళ్ళు, డచ్చివాళ్ళు. 1605లో వ్యాపారానికి మన రేవుకొచ్చి గిడ్డంగి పెట్టుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు, పేటకు పేరు మిగిలింది. పెల్లాకు వచ్చింది కూడా డచ్చివాళ్ళే. అయితే వీళ్ళది వ్యాపారం పని కాదు. తమ దేశంలో సర్కారు చర్చితో పొసగక, తమకు నచ్చినట్టు దేవుణ్ణి కొలుచుకోవడానికి 1847లో షోల్టే అనే పాదిరీ వెంట దాదాపు 800 మంది ఓడలెక్కి వచ్చేశారు. ఇక్కడ ఇళ్ళెక్కడివి? మొదటి చలికాలం చాలామంది నేలలో గోతులు తవ్వుకుని, పైన గడ్డి కప్పుకుని ఉన్నారు. ఆ చోటును గడ్డిపట్నం అని పిలుచుకున్నారట. ఈ సంగతి తెలుసుకుని ఊళ్ళోకి వెళ్తే ప్రతి ఇటుకా వేరేగా కనిపిస్తుంది.

ముందుగా గాలిమర చూద్దాం. ఎత్తు 124 అడుగులు. హాలెండులో విడిభాగాలు చేయించి, తెచ్చి, 2002లో ఇక్కడ బిగించారు. ఊరికే చూపులకు పెట్టింది కాదు, గాలి వీస్తే నిజంగా గోధుమలు ఆడుతుంది. రెక్కలు తిరిగితే లోపల చెక్క పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిప్పుతాయి, చివరికి తిరగలి రాయి కదులుతుంది. నేను వెళ్ళినరోజు గాలి బాగా ఉంది. అప్పుడే పడిన పిండి రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది, మన పిండిమర దగ్గర డబ్బా పట్టుకుంటే తగిలే వెచ్చదనమే! మీరూ చెయ్యి పెట్టి చూడండి. ఆ ఆవరణలోనే పాత ఇళ్ళున్నాయి. కౌబాయ్ కథల్లో వచ్చే వ్యాట్ ఎర్ప్ చిన్నప్పుడు ఉన్న ఇల్లు కూడా వాటిలో ఒకటి. అది త్వరగా చూసి వచ్చేయొచ్చు.

మీరు మే మొదటి వారానికల్లా వచ్చేస్తే తులిప్ పండుగ దొరుకుతుంది. గురు, శుక్ర, శని, మూడు రోజులు చేస్తారు. 1935లో మొదటిసారి చేసినప్పుడు ఊళ్ళో సరిపడా పూలే లేవు. ఒక వడ్రంగి నాలుగడుగుల ఎత్తున చెక్క తులిప్పులు చేసిపెడితే వాటితోనే పండుగ కానిచ్చారు. ఇప్పుడైతే ఎటు చూసినా పూలే. కానీ నాకు అన్నిటికన్నా నచ్చింది వీధి కడగడం. ఊరేగింపుకు ముందు మేయరు వీధి చూసి, మురికిగా ఉంది, కడగండి అంటాడు. మగవాళ్ళు కావడి బద్దలకు బకెట్లు తగిలించుకొచ్చి నీళ్ళు గుమ్మరిస్తారు. ఆడవాళ్ళు, మీ ఈడు పిల్లలు చీపుళ్ళతో రుద్దుతారు. కాళ్ళకు చెక్క బూట్లు, టకటకా ఒకటే చప్పుడు. నాకు సంక్రాంతి నెలలో నాయనమ్మ తెల్లవారకముందే కల్లాపి చల్లడం గుర్తొచ్చి, కళ్ళు చెమర్చాయి.

ఆకలేస్తే యార్స్మా బేకరీ ఉంది, 1898 నాటిది. అక్కడ ‘ఎస్’ అక్షరం ఆకారంలో ఒక తీపి చేస్తారు. పేరు డచ్ లెటర్. విరిస్తే మడత కాజాలా పొరలు పొరలుగా విడిపోతుంది, లోపల మెత్తటి బాదం ముద్ద, పైన చక్కెర పలుకులు. ఉదయాన్నే కొనుక్కోవాలి. ఆదివారం మాత్రం వెళ్ళకూడదు, భక్తి ఎక్కువున్న ఊరు, చాలా దుకాణాలు మూసేస్తారు.

సాయంత్రం ఓపికుంటే దగ్గర్లో రెడ్ రాక్ చెరువు. డిమాయిన్ నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడింది, అయోవాలో ఇంతకన్నా పెద్దది లేదు. గట్టున పాత నీళ్ళ ట్యాంకును 106 అడుగుల టవరుగా మార్చారు. మెట్లు మీరెక్కండి, నేను కింద బెంచీ మీద కూర్చుంటాను.

ఒక్క పని మాత్రం మర్చిపోకండి. పెల్లా మ్యూజియంలో ఒక పెద్దావిడ నన్ను ఏ ఊరని అడిగింది. బందరు అని, వలందపాలెం సంగతి చెప్పాను. తమవాళ్ళు అంత దూరం వచ్చారని ఆవిడకు తెలియదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. బయలుదేరే ముందు మన ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికెళ్ళి, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు స్పష్టంగా కనపడేలా ఫోటోలు తీసుకురండి. ఆవిడకు చూపిస్తానని మాటిచ్చాను.

మీ తాతయ్య