కొయ్యాలా, ఆగాలా: రెండు హద్దుల సంభావ్యతపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు స్వల్పకాలిక వరి అక్టోబరులో కోతకొస్తుంది. తుఫాన్లొచ్చేదీ అప్పుడే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. చేను ఇంకా పూర్తిగా పండలేదు. ఇప్పుడే కోసేయాలా, వారం ఆగాలా? ఇంప్రెసైజ్ ప్రాబబిలిటీ, అంటే కింది హద్దు, పై హద్దు రెండూ చెప్పే సంభావ్యత, సరిగ్గా ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీ చేనుకు మీవి వేసుకోండి. ఇప్పుడే కోస్తే పచ్చిగింజ వల్ల ఎకరాకు 2,000 రూపాయల నష్టం. ఆగితే, వాన రాకుంటే నష్టం లేదు. వస్తే చేను పడిపోయి, గింజ మొలకెత్తి 9,000 పోతుంది. చేతిలో పదేళ్ల లెక్కల పుస్తకం ఉంది. అందులో రెండేళ్లు ఆ వారంలోనే చేను మునిగింది.

అపోహ: సంభావ్యత అన్నాక ఒకే అంకె ఉండాలి.

2,000ని 9,000తో భాగిస్తే 0.222. వాన సంభావ్యత దీన్ని దాటితే కోత మేలు, దాటకపోతే ఆగడం మేలు. పదిలో రెండు, అంటే 0.20 అనేవాళ్లు ఆగమంటారు. లాప్లాస్ సూత్రం (పైన 1, కింద 2 కలపడం) వాడేవాళ్లు పన్నెండులో మూడు, అంటే 0.25 అని కొయ్యమంటారు. పుస్తకం ఒకటే, సలహాలు మాత్రం ఎదురెదురు. తేడా తెచ్చింది వాన కాదు, లెక్కలో ముందే కలిపిన ఊహ.

గణాంక శాస్త్రవేత్త పీటర్ వాలీ 1996లో ఇచ్చిన పద్ధతి ఈ ఊహను దాచదు. కింది హద్దు: మునిగిన ఏళ్లను (మొత్తం ఏళ్లు + 2)తో భాగించాలి, 2/12 = 0.167. పై హద్దు: పైన కూడా 2 కలపాలి, 4/12 = 0.333. అదే నిష్పత్తి నలభై ఏళ్ల పుస్తకంలో ఉంటే హద్దులు 8/42, 10/42, అంటే 0.190, 0.238. ఎంత సమాచారం ఉందో ఆ వెడల్పే చెబుతుంది. పదేళ్లలో ఒక్కసారీ మునగకపోయినా పై హద్దు సున్నా కాదు, 2/12.

అపోహ: రెండు దారుల నష్టాలు ఒకదానిమీదొకటి పడితే ఏది మేలో తేల్చలేం.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎకరాకు 400 కూలి పెట్టి గట్టు పక్కన మురుగుకాలువ తీస్తే వాన నష్టం 6,000కు తగ్గుతుందనుకోండి. ఊరికే ఆగితే సగటు నష్టం 1,500 నుంచి 3,000. కాలువ తీసి ఆగితే, కూలితో కలిపి, 1,400 నుంచి 2,400. విడివిడిగా చూస్తే కలిసిపోయినట్టే ఉంటాయి. కానీ రెంటిమీదా పడేది ఒకే వాన. కాబట్టి ఒకే సంభావ్యత దగ్గర రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా తియ్యాలి: కింది హద్దు దగ్గర కాలువ 100 మిగులుస్తుంది, పై హద్దు దగ్గర 600. ఏ అంకె నిజమైనా కాలువదే పైచేయి. ఊరికే ఆగడాన్ని ఇక లెక్కలోంచి తీసేయొచ్చు.

అపోహ: హద్దులు చెప్పడమంటే నిర్ణయం తప్పించుకోవడం.

మిగిలినవి రెండు: ఇప్పుడే కోత (2,000), కాలువ తీసి ఆగడం (1,400 నుంచి 2,400). హద్దులు వీటి మధ్య తేల్చవు, దాన్ని ఒప్పుకోవాల్సిందే. ఆపై ఏ నియమం వాడతామో పైకి చెప్పాలి. చెడ్డ పక్షాన్ని మాత్రమే చూసే నియమం మొత్తం కొయ్యమంటుంది. పశ్చాత్తాపాన్ని తగ్గించే నియమం మాత్రం చేను పంచమంటుంది: అయిదెకరాల్లో రెండు కోసి, మూడింట్లో కాలువ తీస్తే, ఏ హద్దు దగ్గరైనా మేలైన దారితో పోలిస్తే ఎకరాకు సగటున 240 మించి పోదు. కూలీలు అందరికీ ఒకేసారి దొరకని వారంలో ఈ రెండోదే మాకు నచ్చుతుంది.

అపోహ: రూపాయి అందరికీ ఒకటే.

ప్రయోజనానికీ, అంటే రూపాయి ఒక్కొక్కరికి ఎంత బరువో దానికీ, హద్దులుంటాయి. అప్పు గడువు దగ్గరపడ్డ కౌలు రైతుకు, కాలువ తీసినా పోయే 6,000 నిజానికి 6,000 నుంచి 12,000 అంత బరువు కావచ్చు. అది 9,600 దాటిందా, కింది హద్దు దగ్గర కూడా కోతే మేలు (400 + 9,600 × 2/12 = 2,000). కచ్చితమైన బరువు అక్కర్లేదు. 9,600కు ఇటా, అటా అన్నది అడిగితే చాలు.

అపోహ: కొత్త సమాచారం వస్తే హద్దులు దగ్గరవుతాయి.

వాతావరణ శాఖ వాయుగుండం ఏర్పడే అవకాశాన్ని తరగతులుగా చెబుతుంది: తక్కువ 1-33 శాతం, మధ్యస్థం 34-67, ఎక్కువ 68-100. ఇవీ హద్దులే. అయితే ఇది వాయుగుండం పుట్టే అవకాశం, మన మడిలో నీళ్లు నిలిచే అవకాశం కాదు. పుడితే మన వైపు పెద్దవాన 0.3-0.6, పుట్టకపోతే 0.05-0.10 అనుకుందాం. మధ్యస్థం అన్నరోజు లెక్క 0.135 నుంచి 0.435 వస్తుంది, పుస్తకం హద్దులకన్నా వెడల్పు. కాలువ తీసి ఆగడంతో పోలిస్తే కోత మేలయ్యే గీత (2,000 - 400)/6,000, అంటే 0.267. "ఎక్కువ" అన్నా కింది హద్దు 0.22 మాత్రమే, గీత దాటదు. దారి ఉత్తరాంధ్ర, గంజాం తీరం వైపని బులెటిన్ చెప్పాక 0.3-0.6 బదులు 0.6-0.9 వేస్తే కింది హద్దు 0.424 అవుతుంది. అప్పుడు మిగిలిన మూడెకరాలూ కోసేయాలి, పనలు చేలో వదలకుండా అదేరోజు కళ్లానికి చేర్చాలి.