కుక్క శిక్షణలోకి బిస్కెట్ ఎలా వచ్చింది

ఇప్పుడు కుక్కకు కూర్చోవడం నేర్పే ట్రైనర్ జేబులో చికెన్ ముక్కలు వేసుకుని వస్తాడు. కూర్చుంటే ముక్క, కూర్చోకపోతే ఏమీ లేదు. దీన్ని ఈ కాలపు గారాబమని కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఈ పద్ధతి పదునెక్కింది రెండో ప్రపంచ యుద్ధంలో, పావురాల చేత బాంబులు నడిపించాలన్న పథకంలో.

అంతకు ముందంతా దండం దశగుణం భవేత్. జర్మన్ పోలీసు అధికారి కాన్రాడ్ మోస్ట్ 1910లో శిక్షణ పుస్తకం రాశాడు. మెచ్చుకోలు విలువ ఆయనకు తెలియక కాదు, అయినా బలవంతానికే పెద్దపీట వేశాడు. సైనిక జాగిలాలకు వాడిన ఆ గొలుసు గుంజుడే తర్వాత ఇళ్లలోని కుక్కల దాకా వచ్చింది.

ఆ పావురాల పథకం నడుస్తున్న రోజుల్లోనే, 1943లో, అమెరికాలో మినియాపొలిస్‌లోని ఒక పిండిమిల్లు పై అంతస్తులో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్, ఆయన సహాయకులు ఒక పావురానికి ముక్కుతో చెక్క బంతిని కొట్టడం నేర్పబోయారు. అది బంతిని కొట్టగానే గింజలు వేద్దామని కూర్చున్నారు. ఎంతసేపటికీ కొట్టదే! విసుగొచ్చి, బంతి వైపు ఊరికే చూసినా గింజలు వేయడం మొదలుపెట్టారు. తర్వాత దగ్గరికి వస్తే, ఆ తర్వాత ముక్కు తగిలిస్తే. కొద్ది నిమిషాల్లోనే బంతి పెట్టె గోడలకు తగిలి ఎగరసాగింది. బాంబుల పథకాన్ని సైన్యం మరుసటి ఏడాదే అటకెక్కించింది గానీ, అక్కడ పనిచేసిన కెల్లర్ బ్రెలాండ్, ఆయన భార్య మేరియన్ ఈ కిటుకును వదల్లేదు. కోళ్లకు, పందులకు ఆటలు నేర్పే కంపెనీయే పెట్టేశారు.

వాళ్ల దారిలోనే ఈ పద్ధతి డాల్ఫిన్ల దగ్గరికి చేరింది. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయలేం, కొడదామంటే ఈదుకుంటూ అవతలికి పోతుంది. అది గాల్లోకి ఎగిరిన క్షణంలో నోటికి చేప అందించడమూ కుదరదు. అందుకే సరిగ్గా ఆ క్షణానికి ఈల వేస్తారు, చేప తర్వాత. 1960లలో హవాయిలో ఇలా డాల్ఫిన్లకు నేర్పిన కారెన్ ప్రయర్, 1990లలో ఈల స్థానంలో టిక్కుమనే క్లిక్కర్‌ను కుక్కల యజమానుల చేతికిచ్చింది.

విచిత్రమేమిటంటే, ఇలాంటి టిక్కుటిక్కు బొమ్మతో కుక్కకు ఎలా నేర్పవచ్చో స్కిన్నర్ 1951లోనే ఒక పత్రికలో వివరంగా రాశాడు. నలభై ఏళ్లు ఎందుకు పట్టింది? నా లెక్కలో ప్రధాన కారణం, కుక్కకు పట్టీ వేసే మెడ ఉండటం. గుంజినా, కొట్టినా పాపం మళ్లీ తోక ఊపుకుంటూ మన దగ్గరికే వస్తుంది. ఇక కొత్త దారి వెతికే అవసరమేముంది?

దీనికి తోడు తోడేళ్ల సిద్ధాంతం ఒకటి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించిన తోడేళ్ల కొట్లాటలు చూసి, మందలో పెత్తనం గురించి రాశాడు. 'కుక్కకు నువ్వే బాస్‌వి కావాలి' అనే మాటకు అది ఊతమైంది. అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మెక్, మంద అంటే సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలేనని 1999లో తేల్చినా ఆ మాట ఇంకా చలామణిలోనే ఉంది.

చట్టం కూడా నెమ్మదిగా కదులుతోంది. కరెంటు షాక్ పట్టీలను వేల్స్ 2010లో నిషేధించింది. అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో, ఎలాంటి కుక్కకైనా, దూకుడు కుక్కలతో సహా, బహుమతి పద్ధతులే వాడాలని చెప్పింది. షాక్ పట్టీలు మాత్రం ఆ దేశంలో ఇప్పటికీ చాలాచోట్ల కొనుక్కోవచ్చు.