పేడ ఎత్తేవాళ్ళదే గేదె

గుంటూరు,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక

చిట్టితల్లీ, చిన్నోడా,

మొన్న ఫోనులో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడితే నాకు సగమే వినబడింది. ఆ సగంలోనే రెండు ప్రశ్నలున్నాయి. చిట్టి అడిగింది: "తాతయ్యా, నాన్నేమో ఇల్లు కొన్నామంటున్నాడు, అమ్మేమో ఇరవై ఏళ్ళదాకా అది బ్యాంకుదే అంటోంది. మరి ఎవరిది?" చిన్నోడు అడిగింది: "కొత్తింట్లో గోడ మీద బొమ్మ గీస్తే బ్యాంకు వాళ్ళు తిడతారా?"

రెండోదానికి జవాబు తేలిక. బ్యాంకు వాళ్ళు తిట్టరు, మీ అమ్మ తిడుతుంది. మొదటిదానికి మాత్రం ఒక గేదె సంగతి చెప్పాలి.

మా నాన్న, అంటే మీ ముత్తాత, ఇక్కడే ఒక మిషన్ బడిలో పంతులు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అప్పు చేసి ఒక గేదెను కొన్నాడు. ఖరీదు నాలుగు వందలు. ఆయన జీతం వంద కూడా లేదు. అప్పిచ్చిన ఆసామి షరతు ఏమిటంటే, అసలు వీలైనప్పుడల్లా కొంచెం కొంచెంగా తీర్చుకోవచ్చు, వడ్డీ కింద మాత్రం రోజూ ఒక సేరు పాలు వాళ్ళింటికి పంపాలి. ఆ పాలు మోసే ఉద్యోగం నాది. తెల్లవారకముందే ఇత్తడి చెంబు పట్టుకుని, మూత జారకుండా అరచేత్తో అదిమి, మూడు వీధులు దాటాలి. మధ్య వీధిలో ఒక కుక్క. దానికి నా మీద ఏం కోపమో ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు ఆ కుక్క తరిమితే సగం పాలు ఒలికిపోయాయి. ఇంటికొచ్చి ఏడుస్తూ నాన్నని నిలదీశాను. "మన గేదె పాలు వాళ్ళెందుకు తాగాలి? ఇంతకీ ఇది మన గేదేనా, వాళ్ళదా?" నాన్న కొట్టం ఊడుస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "పేడ ఎవరు ఎత్తుతున్నార్రా?" "మనమే." "అయితే మనదే."

మీ ఇల్లూ అంతే. రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ అమ్మా నాన్నా ఫోటోలు దిగి, వేలిముద్రలు వేశారు. సాక్షుల్లో నేనొకణ్ణి. దస్తావేజు మీ అమ్మానాన్నలిద్దరి పేర్ల మీద ఉంది. ఓనరు అనే చోట బ్యాంకు పేరు ఎక్కడా లేదు. కాకపోతే ఆ దస్తావేజుని, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లని బ్యాంకు తన దగ్గర దాచుకుంది. గేదె మన కొట్టంలోనే ఉంది, పలుపు కొస వాళ్ళ చేతిలో ఉంది. అప్పు తీరేదాకా బ్యాంకుకి చెప్పకుండా మీ నాన్న ఆ ఇల్లు అమ్మలేడు. కిస్తీలు కట్టడం మానేస్తే పలుపు పట్టుకుని లాక్కుపోయే హక్కు వాళ్ళకుంది. కట్టినంతకాలం మాత్రం ఇల్లు మీదే. నల్లా కారితే ఇప్పటిదాకా అద్దింటి ఓనరుకి ఫోను చేసేవాళ్ళు కదా, ఇకమీదట మీ నాన్నే రెంచీ పట్టుకోవాలి. ఇంటి పన్ను మీరే కట్టాలి. పేడ మీరే ఎత్తుతున్నారు.

అప్పు తీరాక కాగితాలు ఇస్తారా అని కూడా చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. ఇవ్వాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు వెనక్కివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. మా ఆసామి ప్రోనోటు తిరిగివ్వడానికి మా నాన్నని నెల రోజులు తిప్పాడు. అప్పుడు ఆ నిబంధన ఉంటే మేమింకో గేదెను కొనేవాళ్ళం.

ఇప్పుడు పాల లెక్క. మీ నాన్న తీసుకున్నది 30 లక్షలు, 20 ఏళ్ళకి. వడ్డీ ఏడాదికి 9 శాతం అనుకుందాం, అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నెల కిస్తీ దాదాపు 27,000 అవుతుంది. మొదటి నెల అందులో 22,500 వడ్డీకే పోతుంది. అసలులో తీరేది నాలుగున్నర వేలు. చెంబులో పాలన్నీ ఆసామి ఇంటికి పోయి, అడుగున మిగిలిన నురగ మనకన్నమాట! వడ్డీ ఎప్పుడూ మిగిలిన అప్పు మీదే వేస్తారు కాబట్టి, అప్పు తరిగేకొద్దీ వాళ్ళ పాలు తగ్గుతాయి, అసలులోకి పోయేది పెరుగుతుంది. కానీ ఆ పెరగడం నత్తనడక. పదేళ్ళు ఒక్క నెలా తప్పకుండా కట్టినా ఇంకా 21 లక్షల పైనే బాకీ ఉంటుంది. 12 ఏళ్ళు దాటాకగానీ కిస్తీలో అసలు భాగం వడ్డీ భాగాన్ని మించదు. అంతా కట్టేసరికి 30 లక్షలకి దాదాపు 65 లక్షలవుతుంది. చిట్టీ, నువ్వు లెక్కల్లో గట్టిదానివి కదా, కాగితం తీసుకుని మొదటి మూడు నెలలు వేసి చూడు. రెండో నెల వడ్డీ ఎంత తగ్గిందో నాకు రాయి. నవ్వొస్తుంది.

మా గేదె ఈనిన ఏడాది దున్నదూడను అమ్మి, ఆ డెబ్బై రూపాయలు నాన్న నేరుగా తీసుకెళ్ళి ఆసామి ముందు పెట్టాడు. అమ్మకి చీర కావాలి, నాకు చెప్పులు కావాలి. ఏదీ కొనలేదు. మర్నాటి నుంచి సేరు కాస్తా ముప్పావు సేరయింది. చెంబు తేలికైందని నాకు చేతికే తెలిసింది. మీ నాన్నకి బోనసు వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేస్తుంటాను. మొదటి ఏళ్ళలో అసలులో వేసిన పదివేలకి, చివరి ఏళ్ళలో వేసిన పదివేలకి చాలా తేడా ఉంది. మొదట్లో వేసింది ఇరవై ఏళ్ళ వడ్డీని మింగుతుంది.

ఇంకో సంగతి, ఇది పిల్లలకి చెప్పకూడదేమో. గేదె వట్టిపోయిన మూడు నెలలూ మేము బయట పాలు కొని మరీ ఆసామికి పంపాం. జీతం ఆగినా కిస్తీ ఆగదు. అందుకే మీ అమ్మ ఆరు నెలల కిస్తీలకి సరిపడా పక్కన పెట్టాకే సంతకం చేసింది. తన చీటీ డబ్బులన్నీ అందులోకే పోయాయి. కారు మాట అప్పుడే అటకెక్కింది. పైగా 40 లక్షల ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చే 3 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ పన్ను ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర. అది అప్పులో కలవదు, చేతిలోంచి పెట్టుకోవాలి. మీ నాన్న ఆ రోజుల్లో ఒకసారి నన్ను పక్కకి పిలిచి, దశమభాగం, అంటే దేవుడికిచ్చే పదో వంతు, మొత్తం జీతం మీద తియ్యాలా, కిస్తీ పోగా మిగిలినదాంట్లోనా అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, "మీ ఆవిణ్ణి అడుగు" అన్నాను. ఆవిడ అప్పటికే కవర్లో పెట్టేసి, బైబిల్లో దాచేసింది.

నా గేదె ఇక్కడిదాకా బాగానే నడిచింది. మీ ఇల్లు మూడో అంతస్తులో ఉందని గుర్తొచ్చేసరికి ఆగిపోయింది, మెట్లెక్కలేదు. దస్తావేజులో మీకు నేలలో 40 గజాల విడదీయని వాటా ఉందని రాశారు. ఆ 40 గజాలు ఎక్కడ? లిఫ్టు కిందా, వాచ్‌మన్ గది దగ్గరా, నీళ్ళ ట్యాంకు పక్కనా? ఎవరూ గీత గీసి చూపించలేరు. అపార్టుమెంటులో ఉన్నవాళ్ళందరూ ఆ నేలంతటికీ వాటాదారులే, ఏ ఒక్క గజానికీ ఎవరూ విడిగా ఓనరు కాదు. దీన్ని మీకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు. కిందికి దిగినప్పుడు ఆ నేల మీద ఒకసారి చెప్పుల్లేకుండా నడవండి.

ఇల్లు వెతికిన రోజులు మీకు సరదా, మాకు టెన్షన్. ఒకటి చాలా చవగ్గా వచ్చింది, విజయవాడలో సింగ్‌నగర్ వైపు. కొత్తగా రంగులు వేశారు, ఘుమఘుమలాడుతోంది. మీ నాన్న టైల్సు చూశాడు, మీ అమ్మ వంటగట్టు చూసింది. నేను మెట్ల కిందికి వంగి చూశాను. అక్కడ రంగు వెయ్యడం మర్చిపోయారు. నా నడుం ఎత్తున గోడ మీద ఒక మట్టి గీత, స్కేలు పెట్టి గీసినట్టుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పటి గీత అది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళొచ్చాయి, అంతకుముందెప్పుడూ అంత రాలేదు. అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు, మేము అడగలేదు, అంతే. అడక్కపోయినా గోడ చెప్పింది. అందుకే కానూరు వైపు వెళ్ళాం.

అక్కడ గుమ్మం దక్షిణానికి ఉందని బిల్డరు తనంతట తనే కొంచెం తగ్గించాడు. తూర్పు గుమ్మాలకి గిరాకీ ఎక్కువట. మనకి వాస్తు పట్టింపు లేదు కాబట్టి సరేనన్నాం. ఆ తగ్గింపు మన విశ్వాసం వల్ల వచ్చిందో, ఎదుటివాళ్ళ భయం వల్ల వచ్చిందో నేనింకా తేల్చుకోలేదు.

చిన్నోడి గోడ దగ్గరికి మళ్ళీ రానీ. అద్దింట్లో మేకు కొట్టనివ్వలేదని, క్రిస్మస్ స్టారు డాబా మీద కట్టనివ్వలేదని నీకు కోపం. అంతకుముందు ఒక ఇల్లు చూడబోతే మీరేవిటోళ్ళని అడిగి, చర్చికి వెళ్తామనగానే "పోర్షను నిన్ననే ఇచ్చేశాం" అన్నారు. టు-లెట్ బోర్డు ఇంకో నెల వేలాడుతూనే ఉంది. మీ అమ్మ ఆ సంగతి మీకు చెప్పి ఉండదు. నేను చెబుతున్నాను, తెలియాలి.

మేము ఉన్నది మిషన్ కాంపౌండులో, బడి ఇచ్చిన ఇంట్లో. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు. మన సంఘానికి మొదటి మిషనరీ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు వచ్చినప్పుడు ఆయనకీ ఇక్కడ సొంత ఇల్లు లేదు, కలెక్టరు స్టోక్స్ దొర తోడ్పడ్డాడు. ఆ తర్వాత పంతుళ్ళకీ పాస్టర్లకీ కాంపౌండులే ఊళ్ళు. నేను అదే మా ఇల్లనుకున్నాను, పేడ ఎత్తాను కదా! నాన్న రిటైరయ్యాక నెలాఖరుకి ఖాళీ చేయాలన్నారు. అప్పుడు తెలిసింది మా నాన్న సూత్రంలో ఒక చిల్లుందని. ఎన్నేళ్ళు ఊడ్చినా కొన్ని ఇళ్ళు మనవి కావు.

చివరి రోజు ఆయన పట్టకారుతో గోడల్లోని మేకులన్నీ పీకాడు. పీకిన ప్రతి చోటా తడి సున్నం పెట్టి బొటనవేలితో నొక్కాడు. మేకులు పారెయ్యకుండా ఒక పౌడరు డబ్బాలో వేశాడు. మళ్ళీ కొట్టుకోవడానికి ఆయనకి గోడ దొరకలేదు, తర్వాతంతా అద్దె ఇళ్ళే. ఆ డబ్బా నా దగ్గరుంది. ఏడు మేకులున్నాయి, తుప్పు పట్టాయి. వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను. ఇప్పటి గోడలకి అది వంగిపోతుందని, డ్రిల్లు కావాలని మీ నాన్న నవ్వుతాడు. నవ్వనీ.

నేను ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో, బైబిల్లో యిర్మీయా ప్రవక్త పొలం కొన్న కథ చెప్పాను. శత్రువులు ఊరిని చుట్టుముట్టారు, ప్రవక్త ఖైదులో ఉన్నాడు. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో పొలం కొనమంటాడు. ఆయన కొంటాడు. 17 తులాల వెండి తూచి ఇస్తాడు, సాక్షుల్ని పెడతాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, వెయ్యనిది ఒకటి, రెంటినీ తన లేఖకుడు బారూకు చేత మట్టికుండలో పెట్టిస్తాడు, చాలాకాలం చెడకుండా ఉండాలని. పిల్లలకి చెప్పేటప్పుడు నేను సైనికుల దగ్గరే ఆగిపోయేవాణ్ణి, కుండని తొందరగా దాటేసేవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షిగా వేలు పెట్టినప్పుడు ఆ కుండ గుర్తొచ్చింది. రేపేమవుతుందో తెలియని ఊళ్ళో ఒక మనిషి కూర్చుని రసీదులు జాగ్రత్త చేస్తున్నాడు. బ్యాంకు లాకరు కన్నా ఆ కుండే నాకు నచ్చింది.

ప్రతిష్ఠ ప్రార్థన జూన్ రెండో ఆదివారం సాయంత్రం అని మీ అమ్మ చెప్పింది. పాస్టరు గారొస్తారు, పాటలు పాడతారు, పులిహోరా చికెనూ ఉంటాయి. అప్పటికి ఇల్లంతా సామాన్లే ఉంటాయి. అందుకని మీరిద్దరూ నా మాట విని, ఈ శనివారమే నాన్నని అడిగి తాళాలు తీసుకుని ఒకసారి వెళ్ళండి. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక కేక పెట్టండి. ఎవరి పేరైనా సరే. ఉత్త గోడలు ఆ కేకని మీకు తిరిగిచ్చేస్తాయి. పరుపులూ కర్టెన్లూ వచ్చాక అవే దాన్ని మింగేస్తాయి. ఎందుకో చిట్టి సైన్సు పుస్తకంలో ఉంటుంది, నేను చెప్పను. కాంపౌండు ఇల్లు ఖాళీ చేసిన రోజున నేను విన్నాను, వెళ్ళిపోయేటప్పుడు. మీరు వచ్చేటప్పుడు వినండి. బీరువా సోమవారం ఎక్కిస్తున్నారట, ఆ లోపలే వెళ్ళాలి.

ముద్దులతో,
మీ తాతయ్య