గింజ సరిపోని పంట: బంగాళాదుంప జన్యు బ్యాంకు వెనుక చరిత్ర

జొన్న, కంది, వేరుశనగ రకాల గింజలను తగినంత ఆరబెట్టి, తేమ తగలకుండా చల్లని గదుల్లో ఉంచితే దశాబ్దాల పాటు మొలకశక్తి పోదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన జన్యు బ్యాంకులో, అంటే పంట రకాలను భవిష్యత్తు కోసం భద్రపరిచే చోట, వాటిని ఈ విధంగానే కాపాడుతోంది. బంగాళాదుంపకు ఈ వెసులుబాటు లేదు. దాని కాయల్లోనూ గింజలు ఉంటాయి గానీ, వాటిని నాటితే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది; ఉన్న రకం ఉన్నట్టే నిలవాలంటే కన్ను ఉన్న దుంపనే నాటాలి. దుంపతో పాటు వైరస్ తెగుళ్లూ తరం నుంచి తరానికి వస్తాయి. ఈ పంట పరిరక్షణ అంత శ్రమతో కూడినది కావడానికి మూలం ఇక్కడే ఉంది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఉన్న టిటికాకా సరస్సు పరిసరాల్లో సుమారు 8,000 ఏళ్ల క్రితం బంగాళాదుంప సాగు మొదలైంది. ఆండీస్ రైతుల చేతుల్లో అది 4,000కు పైగా రకాలుగా విస్తరించినా, 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది అందులో స్వల్ప భాగమే. ఐర్లండ్ పేదలు ప్రధానంగా ‘లంపర్’ అనే ఒక్క రకం మీద ఆధారపడి ఉండగా, 1845లో ఆకులనూ దుంపలనూ కుళ్లబెట్టే లేట్ బ్లైట్ తెగులు విరుచుకుపడింది; ఆ తర్వాతి కరువులో దాదాపు పది లక్షల మంది మరణించారు. పాలకుల విధానాలు ఆ కరువును మరింత ఘోరం చేశాయన్నదీ మరువరాదు. తెగులును తట్టుకునే గుణం కోసం అన్వేషించిన శాస్త్రజ్ఞులకు అది మెక్సికోలోని అడవి జాతుల్లో కనిపించింది.

అలాంటి రకాలను పద్ధతిగా సేకరించడానికి 1920లలోనే సోవియట్ బృందాలు లాటిన్ అమెరికాకు వెళ్లాయి. 1941లో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ముట్టడి మొదలుపెట్టినప్పుడు, ఆ సేకరణకు సారథి అయిన వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ జైలులో ఉన్నారు. ఆయన సంస్థలోని శాస్త్రజ్ఞులు అబ్రహాం కామెరాజ్, ఓల్గా వోస్క్రెసెన్‌స్కాయా ఫిరంగి దాడుల మధ్య నగర శివారులోని పావ్లోవ్‌స్క్ పొలాల నుంచి దుంపలు తవ్వి నగరానికి చేర్చారు. ఆకలితో మనుషులు చనిపోతున్న ఆ చలికాలంలో సంస్థ సిబ్బంది వాటిని తినకుండా, గడ్డకట్టకుండా కాపలా కాశారు.

1971లో పెరూ రాజధాని లిమాలో అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఏర్పడింది. కార్లోస్ ఒచోవా వంటి వృక్షశాస్త్రజ్ఞులు కొండలెక్కి సేకరించిన అడవి జాతులూ అక్కడికి చేరాయి. మొదట్లో రకాలను ఏటేటా పొలంలో నాటి నిలుపుకునేవారు. ఒక్క మంచు దెబ్బకు, ఒక్క తెగులుకు అవి పోయే ప్రమాదం ఉండేది. తర్వాత టెస్ట్ ట్యూబుల్లో చిన్న మొక్కలుగా, చల్లని గదిలో ఎదుగుదలను మందగింపజేసి ఉంచడం మొదలైంది. వైరస్ సోకిన మొక్కను కొన్ని వారాలు వేడిలో ఉంచి, సూక్ష్మదర్శిని కింద చిగురు కొసలో మిల్లీమీటరు కన్నా చిన్న ముక్కను కోసి, దాని నుంచి ఆరోగ్యమైన మొక్కను పెంచుతారు. ఇప్పుడు చిగురు కొసలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోనూ భద్రపరుస్తున్నారు.

ఇంత చేసినా, ఆ రకాలను సృష్టించిన రైతులకు తిరిగి దక్కిందేమిటన్న ప్రశ్న మిగిలింది. అది న్యాయమైన ప్రశ్న. 2004లో ఆ కేంద్రం పెరూలోని కుస్కో ప్రాంతంలో, స్థానిక రైతులే తమ రకాలను కాపాడుకునే ‘బంగాళాదుంప పార్కు’కు చెందిన క్వెచువా ఆదివాసీ సముదాయాలతో ఒప్పందం చేసుకుని, వాళ్ల పొలాల్లో కనుమరుగైన రకాలను వైరస్ తొలగించి తిరిగి అందించింది. అయితే పొలంలో దుంపలకు కాలక్రమంలో మళ్లీ వైరస్ సోకుతుంది కాబట్టి ఈ అప్పగింత ఒక్కసారితో ముగిసేది కాదు; శుభ్రమైన విత్తన దుంపలు మళ్లీ మళ్లీ అందాలి, అందుకు జన్యు బ్యాంకుకు నిలకడైన నిధులు ఉండాలి.