కుమరి కండం గొడవ మళ్ళీ ఎందుకొచ్చిందంటే

చెన్నైలో మా పల్లావరం అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మూడ్రోజులుగా ఇదే రచ్చ. ఎవరో "హిందూ మహాసముద్రం కింద ఖండం దొరికింది" అని ఓ వార్త ఫార్వర్డ్ చేశారు, చూశారా, సముద్రంలో మునిగిపోయిన మా తమిళుల ఖండం కుమరి కండం నిజమే అని తమిళ ఫ్రెండ్స్ అన్నారు, మన బాబాయిలు ఊరుకోకుండా ఎకసెక్కాలాడారు, ఇక చూస్కోండి. ఆదివారం మీటింగ్‌లోపు దీని వెనక కథేంటో రాసిపెట్టమని నామీద పడేశారు. ఖండాలన్నీ ఒకప్పుడు ఒకటే ముద్దగా ఉండేవన్న పాంజియా సంగతి అందరం స్కూల్లో చదివిందే కాబట్టి అది వదిలేసి ముడి ఎక్కడ పడిందో అక్కడికే వస్తా.

ముడి 1864లో పడింది. ఫిలిప్ స్క్లేటర్ అని ఇంగ్లండ్ జంతుశాస్త్రవేత్త, ఆయనకో డౌటు. లీమర్లేమో మడగాస్కర్‌లో బోలెడు, వాటి చుట్టాలు, అంటే మన దేవాంగపిల్లి లాంటివి, ఇండియాలో, శ్రీలంకలో ఉన్నాయి, మధ్యలో అంత సముద్రం, ఎలా దాటినట్టు? అక్కడ ఒకప్పుడు నేల ఉండేది, పోయింది అని తేల్చి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. తప్పే గానీ పిచ్చి మాట కాదండీ. అప్పట్లో నేల పైకి లేస్తుంది, కిందకి కుంగుతుంది అనుకునేవాళ్ళు, పక్కకి జరుగుతుందని పెద్దలెవరికీ తట్టలేదు. మరి ఖండం కనపడట్లేదంటే మునిగినట్టే కదా.

1912లో ఆల్ఫ్రెడ్ వెగనర్ వచ్చి ఏదీ మునగలేదు, ఖండాలే విడిపోయి దూరం జరిగాయి అన్నాడు. విచిత్రం, అదే ఏడాది దక్షిణ ధ్రువానికి వెళ్ళి అంటార్కిటికాలో చనిపోయిన స్కాట్ బృందం దగ్గర 16 కిలోల రాళ్ళు దొరికాయి, వాటిలో గ్లాసోప్టెరిస్ అనే ఆకు అచ్చులు. మన సింగరేణి బొగ్గున్న గోండ్వానా అనే పాత రాళ్ళలో దొరికేదీ అదే ఆకు, అంటే రెండు చోట్లా ఒకప్పుడు కలిసే ఉండేవన్నమాట. అయినా వెగనర్‌ని ఎక్కువమంది నమ్మలేదు, సముద్రం అడుగు రాళ్ళలోని అయస్కాంత చారలు చూసి నేల నిజంగానే పక్కకి జరుగుతోందని తేల్చేసరికి 1960లు వచ్చేశాయి.

నన్నడిగితే 1864కీ 1960లకీ మధ్య నడిచిన కాలమే కొంప ముంచింది. మనిషి పుట్టింది లెమూరియాలోనే అయ్యుండొచ్చని జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ అన్నాడు, అడయార్‌లో కాపురం పెట్టిన దివ్యజ్ఞాన సమాజం బ్లావట్‌స్కీ అక్కడో మానవజాతినే ఊహించింది, తమిళ పండితులేమో పాత తమిళ కావ్యం శిలప్పదికారంలో సముద్రం మింగిన పహ్రుళి నదిని, కుమరి కొండని దానికి కలిపేశారు. వాళ్ళు అబద్ధమాడలేదు, వాళ్ళ కాలం సైన్సునే వాడుకున్నారు. తర్వాత సైన్సు ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, బోర్డు మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు ఖండం మొత్తానికి మొత్తం మునగడం కష్టం, దాని రాయి సముద్రం అడుగు రాయి కన్నా తేలిక. మన పల్లావరం కొండలోని చార్నొకైట్ అనే రాయి చూడండి, సుమారు 250 కోట్ల ఏళ్ళుగా ఖండంతో పాటే తిరిగింది. దాదాపు 13 కోట్ల ఏళ్ళ కిందట మన తూర్పు తీరం అంటార్కిటికా నించి విడిపోయింది, తూర్పు కనుమల రాళ్ళకి జోడీ రాళ్ళు ఇప్పటికీ అక్కడున్నాయి.

మరి ఆ వార్త? మారిషస్ వయసు కోటి ఏళ్ళ లోపే, కానీ అక్కడి లావా రాళ్ళలో 300 కోట్ల ఏళ్ళ జిర్కాన్ అనే ఖనిజం రేణువులు దొరికాయి, అంత పాతవి కింద ఉన్న ఖండం రాయి నించే రావాలి. అంటే ఇండియా, మడగాస్కర్ విడిపోయినప్పుడు మధ్యలో ఓ ముక్క సాగి, పల్చబడి, లావా కింద కప్పబడిపోయింది. దానికి మారిషియా అని పేరు. మునగదన్నావుగా అని పట్టుకోకండి, సాగదీస్తే ఏదైనా కుంగుతుంది. కాకపోతే అది చెదిరిపోయి 6 కోట్ల ఏళ్ళు దాటింది, మనిషి పుట్టి 3 లక్షల ఏళ్ళే. అప్పటికి తమిళమూ లేదు, తెలుగూ లేదు, ఎకసెక్కాలాడిన బాబాయిలు కూడా గమనించాలి.

తమిళ ఫ్రెండ్స్ వైపు ఒక్క పాయింట్ మాత్రం గట్టిది. 20 వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది, రామేశ్వరం నించి లంకకి నడిచి పోవచ్చు. తర్వాత మంచు కరిగి తీరం నిజంగానే మునిగింది. ఆ జ్ఞాపకం పాటల్లో మిగిలిందేమో, కాదనడానికి నేనెవర్ని. అది తీరం, ఖండం కాదు, అంతే తేడా.

ఇంకోటి, ఫార్వర్డ్ చేసిన ఆ వార్త 2017ది. డేట్ కిందే ఉంది.